ఎడ్ఫు గుడిలో ఎదురు నడక

"నీ భార్య హనీమూన్ ఫోటోలు. ఒక్కొక్కటీ జాగ్రత్తగా చూడు," అంటూ పార్థసారథి ఒక మెమరీ కార్డుని టేబుల్ మీద ముందుకి తోశాడు.

ఆ హనీమూన్‌లో సృజన్ లేడు.

అతని భార్య మధులిక ఉంది. ఆమె పక్కన కొత్త పెళ్లికొడుకు వేషంలో చక్రి ఉన్నాడు. వేషమే అని సృజన్‌కి తెలుసు. ఎందుకు వెళ్తోందో అతనికి చెప్పలేదు గాని, ఎవరితో వెళ్తోందో మాత్రం ముందే చెప్పారు. ఆ రెండోది దాచి మొదటిది చెప్పి ఉంటే బాగుండేదని ఆమె ఈజిప్టులో ఉన్నన్నాళ్లూ అనుకున్నాడు. అన్నం సయించలేదు.

బ్రాక్‌నెల్‌లోని ఆ ఆఫీసు బయట సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కంపెనీ అని బోర్డు ఉంటుంది. లోపల టెస్ట్ చేసేది మనుషుల్ని. బ్రిటిష్ గూఢచారి శాఖలో పేరు లేని చిన్న విభాగం అది. చుట్టుపక్కల టెక్నాలజీ కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లకి విదేశీ ముఠాలు వేసే వలల్ని కోసెయ్యడం దాని పని. కాకినాడలో పుట్టి కేంబ్రిడ్జిలో ముదిరిన పార్థసారథి దానికి చీఫ్. మధులిక, చక్రి ఫీల్డ్ ఏజెంట్లు. సృజన్ ఫోటోలు పరీక్షించే ఇమేజ్ అనలిస్టు. ఫీల్డ్ పరీక్షకి ఒకసారి కూర్చున్నాడు గాని, అతని ఫైల్లో 'నటన సున్నా' అని రాసి వెనక్కి పంపారు. అప్పట్నుంచీ తెర ముందే కూర్చుంటున్నాడు. చక్రి మాత్రం నడిచొస్తుంటే రిసెప్షన్‌లో అమ్మాయిలు జుట్టు సర్దుకుంటారు.

నిజమైన భార్యాభర్తల్ని ఒకే మిషన్‌కి పంపకూడదని విభాగంలో రూల్. ఒకరికి ఆపదొస్తే రెండోవారి బుర్ర పనిచెయ్యదట. ఇంట్లో కూర్చున్నవాడి బుర్ర ఏమవుతుందో రూల్ రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

"నవదీప్ పోయాడు," అన్నాడు పార్థసారథి.

"ఎవరు సార్ నవదీప్?"

"రాడార్ కంపెనీలో ఇంజినీరు. కొంగకి డిజైన్లు అమ్మాడు. తర్వాత భయపడి ఈజిప్టు పారిపోయాడు."

కొంగ అంటే విభాగం ఒక విదేశీ ముఠాకి పెట్టుకున్న పేరు. ఒంటికాలి మీద కదలకుండా నిలబడి, చేప దగ్గరికొచ్చినప్పుడే పొడుస్తుంది కాబట్టి ఆ పేరు.

"మన విభాగంలోనే కొంగ మనిషి ఒకరున్నారని కబురు పంపాడు. పేరు ముఖాముఖిగానే చెబుతానన్నాడు. టూరిస్టుల గుంపులో ఎవరూ పట్టించుకోరని, నైలు ఒడ్డున ఉన్న పాత ఎడ్ఫు గుడి ఎంచుకున్నాడు. ఆ రోజు సాయంత్రమే నైలు నదిలో శవమై తేలాడు. ప్లాన్ తెలిసినవాళ్లు ముగ్గురు. నేను, చక్రి, మధులిక. నేను కాదు."

"మధులిక ఏడుంది సార్?"

"కింద, ఇంటర్వ్యూ రూమ్‌లో. తలుపుకి తాళం వేసి ఉంది. విను. ఆ గుడికీ దాని చుట్టూ ఉన్న ప్రాకారానికీ మధ్య సన్నటి దారి ఉంటుంది. ఇద్దరూ కుడి పక్క నుంచి లోపలికెళ్లి, వెనక గోడ దగ్గర నవదీప్‌ని కలవాలి. అదీ ఆర్డర్. నీ భార్య ఎడమ పక్క నుంచి వెళ్లింది."

"ఎందుకు?"

"తెలియదంటోంది. కాళ్లు అటు వెళ్లాయంటోంది. చక్రి ఏమంటాడంటే, ఆమె మాట వినకుండా తప్పుదారి పట్టింది, వదలలేక నేనూ వెనకే వెళ్లాను, మేం వెనక గోడ దగ్గరికి చేరేసరికి నవదీప్ లేడు అంటాడు. మధులిక, కాదు, చక్రి నా వెనక లేడు, అవతలి పక్క నుంచి నాకు ఎదురొచ్చాడు అంటుంది. వెనక ఉంటే చక్రి నవదీప్‌ని చూడనే లేదు. ఎదురొచ్చి ఉంటే, నవదీప్ నిలబడ్డ చోటు ఒంటరిగా దాటి వచ్చాడు. ఇద్దర్లో ఒకరు అబద్ధం చెబుతున్నారు. ఆర్డర్ తప్పినవాళ్ల మాట పైవాళ్లు నమ్మరు."

"నన్నెందుకు చూడమంటున్నరు సార్? వేరే అనలిస్టులున్నరు గదా."

"వాళ్లు చూశారు. ఫోటోల్లో గుడి చూశారు. నువ్వు వాళ్లిద్దర్నే చూస్తావు. నాకు కావాల్సింది అదే." పార్థసారథి కళ్లజోడు తుడుచుకున్నాడు. "త్వరగా. నవదీప్ చెల్లెలు రచనని బేసింగ్‌స్టోక్‌లో ఒక ఫ్లాట్‌లో దాచాం. అన్న ఆమెకి ఏదో చెప్పాడు. అది నా ముందే చెబుతానంది. ఇవాళ ఇక్కడికి తెస్తున్నారు."

"ఎవరు?"

"చక్రి. పైవాళ్ల ఆర్డర్."

ద్రోహి చక్రే అయితే ఆ అమ్మాయి బ్రాక్‌నెల్ చేరదు. ద్రోహి మధులిక అయితే ఇక ఇంటికి రాదు. సృజన్ కార్డు తీసుకుని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మొదటి ఫోటో పడవ మీద. మధులిక జుట్టు గాలికి ఎగురుతోంది, చక్రి దాన్ని ఆమె చెవి వెనక్కి సర్దుతున్నాడు. రెండోది భోజనాల బల్ల దగ్గర. చక్రి ప్లేట్‌లోంచి మధులిక ఏదో తీసుకుని తింటోంది. ఇంట్లో సృజన్ ప్లేట్‌లో చెయ్యి పెడితే ఆమెకి చిరాకు. గుర్రపు బండిలో ఇద్దరూ. గుడి ముందు ఆకాశమంత ఎత్తు గోపురపు గోడల మధ్య ఇద్దరూ. రాతి డేగ విగ్రహం పక్కన ఇద్దరూ. ఆ డేగ మొహంలో ఉన్న విసుగే తన మొహంలోనూ ఉందని సృజన్‌కి అనిపించింది.

పొద్దున లండన్‌లో, హారోలోని ఇంటి దగ్గర బస్‌స్టాప్‌లో, పక్క వీధిలో ఉండే బేబీ ఆంటీ అతన్ని పట్టుకుంది.

"మధులిక గంత నల్లగైందేంది బిడ్డా? ఏడికన్న పోయిందా?"

"ఆఫీస్ ట్రైనింగ్ ఆంటీ. డబ్లిన్ పోయింది."

"డబ్లిన్‌ల గంత ఎండ కొడ్తదా?" అని ఆంటీ జాలిగా అతని భుజం తట్టి బస్సెక్కింది. ఆ జాలి ఇంకా భుజం మీద ఉన్నట్టే ఉంది.

సృజన్ ఫోటోలు తిప్పుతూ పోయాడు. చక్రి కెమెరాతో తీసినవి, మధులిక కెమెరాతో తీసినవి. గుడి చుట్టూ ఉన్న దారిలోకి వచ్చేసరికి ఒక ఫోటో దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. చక్రి తీసింది. రెండు ఎత్తైన గోడల మధ్య, ఎండా నీడా కలిసిన చోట, మధులిక కెమెరా వైపు చూసి నవ్వుతోంది.

ఫోటో కోసం నవ్విన నవ్వు కాదది. పళ్లన్నీ కనిపించేలా, కళ్లు సగం మూసుకుపోయేలా, అనుకోకుండా చేతికేదో దొరికినట్టు నవ్వుతోంది. ఆ నవ్వు తను చివరిసారి ఎప్పుడు చూశాడో సృజన్‌కి గుర్తు రాలేదు. ఆమె దేశానికి ద్రోహం చేసిందంటే బాధపడి, వకీల్ని పెట్టి, జైలుకి టిఫిన్ తీసుకెళ్లేవాడు. ఈ నవ్వుని మాత్రం క్షమించలేననుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు కూడా. అయినా ఫోటో మూయలేదు. ఇంకా పెద్దది చేసి చూశాడు.

కుళ్లుతో చూసే కన్ను ఏదీ వదలదు. ఆమె బొట్టు చూశాడు, చెవి కమ్మలు చూశాడు, కుడి చెయ్యి దేని మీద ఆనించి ఉందో చూశాడు, ఎడమ చేతి పక్కన గోడ మీద ఏం చెక్కి ఉందో చూశాడు. పడవ మీద నిలబడ్డ దేవుడు నీటిగుర్రాన్ని ఈటెతో పొడుస్తున్న బొమ్మ అది. గుడి ప్లాన్ తెరిచి చూశాడు. ఆ బొమ్మ గుడి గోడ మీద ఉండదు, పడమటి ప్రాకారానికి లోపలివైపు ఉంటుంది. అంటే ప్రాకారం ఆమెకి ఎడమ చేతి వైపు ఉంది, గుడి కుడి చేతి వైపు ఉంది.

సృజన్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

ఆమె ఎడమ పక్క నుంచి ఎందుకు వెళ్లిందో అతనికి అర్థమైపోయింది. గుడి అనగానే కుడి చేతికి గుడిని ఉంచుకుని తిరగడం ఆమెకి నడక వచ్చినప్పట్నుంచీ అలవాటు. ప్రదక్షిణ. లోపల దేవుడు లేకపోయినా, పూజలు ఆగిపోయి యుగాలు గడిచినా సరే. ఒకసారి వించెస్టర్‌లో పెద్ద చర్చి చూడ్డానికి వెళ్తే అక్కడా అలాగే తిరిగింది. పక్కనే తనూ తిరిగాడు, ఇద్దరికీ ఆ సంగతి తోచనే లేదు. విభాగం ఆమెకి తాళాలు తెరవడం నేర్పింది, ఫ్రెంచి నేర్పింది. కాళ్లకి మాత్రం ఎవరూ కొత్తగా ఏమీ నేర్పలేదు. ఇంగ్లీషులో రాసిన ఆర్డరుకి కుడి పక్కైనా ఎడమ పక్కైనా ఒకటే. ఆమె ఆర్డర్ తప్పింది నిజమే. ద్రోహంతో కాదు, చిన్నప్పటి అలవాటుతో.

అసలు సంగతి ఆ తర్వాత తట్టింది. చక్రి నిజంగా వెనకే వస్తుంటే, అతని కెమెరాకి మొహం చూపించడానికి ఆమె వెనక్కి తిరగాలి. వెనక్కి తిరిగితే గుడి ఆమెకి ఎడమ చేతి వైపుకి రావాలి. ఫోటోలో కుడి చేతి వైపే ఉంది. ఆమె తిరగలేదు. నడుస్తున్న దిక్కుకే చూస్తోంది. కెమెరా ముందుంది.

వెంటనే మధులిక కెమెరాతో, అంతకు కాస్త ముందు తీసిన ఫోటో తెరిచాడు. పొడుగాటి ఖాళీ దారి. దూరంగా, వెనక గోడ మలుపు దగ్గర, పసుపు రంగు మచ్చ ఒకటి. అనలిస్టులు దాని పక్కన 'టూరిస్టు' అని గుర్తు పెట్టారు. పెద్దది చేశాడు. అదొక మోచెయ్యి. పసుపు పచ్చ చొక్కా. మోచేతి దగ్గర చిరుగు, దాని మీద ఆకుపచ్చ దారంతో కుట్టు.

ఆ చొక్కా సృజన్‌ది. ఈ ఆఫీసు తలుపుకే తగిలి చిరిగింది. ఇంట్లో పసుపు దారం లేకపోతే మధులిక ఆకుపచ్చ దారంతో కుట్టింది. కొన్ని వారాలుగా అతను దానికోసం అల్మరా అంతా వెతుకుతున్నాడు. మధులిక పట్టుకెళ్లి ఉంటే, ఆ గుడిలో దాన్ని తొడుక్కోగలిగింది చక్రి ఒక్కడే.

రెండు ఫోటోలూ ప్రింట్ తీసుకుని పరుగున చీఫ్ గదిలోకి వెళ్లాడు. పార్థసారథి అంతా విన్నాడు. ఫోటోలు చూశాడు.

"నేను నమ్ముతున్నాను. కానీ ముందుకెళ్లి వెనక్కి తిరిగి తీశాను అంటాడు చక్రి. ఇక మిగిలింది మోచెయ్యి. ముద్దాయి భర్త, ఆ చొక్కా నాదే, కుట్టు గుర్తుపట్టాను అంటే, పైవాళ్లు ఏమంటారో తెలుసా? కుళ్లుతో మాట్లాడుతున్నాడంటారు."

"కుళ్లే సార్. అయినా నిజమే."

"అతని నోటి నుంచి ఒక మాట రావాలి. అప్పుడే పోలీసుల్ని కదపగలను." పార్థసారథి కిటికీ వైపు తిరిగాడు. "ఇంటర్వ్యూ రూమ్ తాళం సరిగ్గా పడటం లేదని శివపార్వతి చెబుతోంది. నేనింకా చూడలేదు."

శివపార్వతి టెక్నికల్ రూమ్ ఇన్‌చార్జి. సృజన్ కిందికి దిగేసరికి తాళం తీసే ఉంది. ఆమె అతని చేతిలో రెండు ఇయర్‌పీసులూ, కారు తాళంచెవిలాంటి రిమోట్ ఒకటీ పెట్టింది. "మన కార్లలో దేని దగ్గరికైనా వెళ్లి నొక్కండి. ఇంజిన్ ఆగిపోద్ది, తలుపులు బిగుసుకుపోతాయి. లోపల్నుంచీ రావు, బయట్నుంచీ రావు. అద్దాలు బుల్లెట్ ప్రూఫ్. కానీ బాగా దగ్గరికెళ్లాలి అన్నయ్యా, మర్చిపోకండి."

మధులిక కారు నడుపుతోంది. ఎం-త్రీ మోటార్‌వే మీద బేసింగ్‌స్టోక్ వైపు.

"నా అంగి వానికెందుకిచ్చినవ్?" అన్నాడు సృజన్.

"ఆ పిల్ల ప్రాణం పొయ్యేటట్టుంది. ఇప్పుడు అంగి ముచ్చటనా?"

"ఎందుకిచ్చినవ్?"

"కాస్ట్యూమ్ వాళ్లు ఇచ్చినయన్నీ కొత్తయి, మడతలు గూడ పోలే. వాడిన అంగి ఉంటే నమ్మబుద్ధి అయితదని పట్టుకపోయిన. అడిగితే నువ్వియ్యవు." లేన్ మారుతూ ఆమె గొంతు తగ్గించింది. "పొద్దున్నుంచి నన్ను అడిగిందే అడుగుతున్నరు సృజన్. నువ్వన్న నమ్ముతున్నవా?"

"దారి సంగతి నమ్ముతున్న."

"మరి దేని సంగతి నమ్ముతలేవు?"

ఇయర్‌పీసులో పార్థసారథి గొంతు వినిపించింది. "చక్రి అవతలి లేన్లలో బ్రాక్‌నెల్ వైపు వస్తున్నాడు. మీకు ముందొచ్చే సర్వీసెస్‌కి కాస్త అవతల, కారులో ట్రాకర్ ఇప్పుడే ఆపేశాడు. అతన్ని మాట్లాడించు, నీ ఫోన్ నేనిక్కడ వింటుంటాను. నాకు కావాల్సిన మాట దొరికితే, గుడి మూసే వేళైంది అంటాను. అప్పటిదాకా ఫోన్ వదలనివ్వకు."

"ఏం మాట్లాడాలె సార్? నాకు నటన రాదు."

"నటించమని నేను అన్నానా?"

సృజన్ డయల్ చేశాడు.

"హలో బ్రదర్," చక్రి విజయవాడ గొంతు నూనె రాసినట్టు నున్నగా పలికింది. "డ్రైవింగ్‌లో ఉన్నానండీ. అర్జెంటా?"

"నా పెండ్లాం సంగతి మాట్లాడాలె."

కారు స్పీకర్ మీద ఉన్నట్టున్నాడు. వెనక ఆడపిల్ల దగ్గు వినిపించింది. "పక్కన మనిషి ఉంది. సర్వీసెస్ వచ్చేసింది, ఆగి మాట్లాడతాను. ఉండండి."

మధులిక ఎడమ వైపు ఇండికేటర్ వేసింది. కార్లు ఆపుకుని తిని, పెట్రోలు పోయించుకునే సర్వీసెస్ మోటార్‌వేకి రెండు పక్కలా ఉన్న చోటు అది. వీళ్లు ఇటు, చక్రి అటు. మధ్యలో లారీలు, కార్లు, వాటి పైన పాదచారుల వంతెన. కారు ఆగీ ఆగకముందే మధులిక డిక్కీ తెరిచి మెరిసే పచ్చ జాకెట్ తొడుక్కుంది, టోపీ పెట్టుకుంది, చెత్త ఏరే కర్ర తీసుకుంది. ఇంగ్లండులో ఆ జాకెట్ వేసుకున్న మనిషి మొహం ఎవరూ చూడరు. రిమోట్ జేబులో వేసుకుని వంతెన మెట్ల వైపు పరుగెత్తింది. ఆమె చెవిలోనూ ఇయర్‌పీసు ఉంది. సృజన్ మాట్లాడే ప్రతి మాటా ఆమె వింటుంది.

సృజన్ ఆమె వెనకే వంతెన ఎక్కి మధ్యలో ఆగాడు. అద్దాల్లోంచి అవతలి పార్కింగ్ కనిపిస్తోంది. విభాగం వాళ్ల నల్ల కారు. వెనక సీట్లో తల వంచుకున్న ఒక అమ్మాయి. కాస్త దూరంలో కర్టెన్లు బిగించే కంపెనీ పేరున్న తెల్ల వ్యాన్, పక్కన ఇద్దరు మనుషులు. చక్రి కారు దిగి తలుపు వేశాడు. వ్యాన్ వాళ్లకి ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి, ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఒక మొగుడి ఏడుపు వినడానికి అతనికి ఆ ఒక్క నిమిషం ఉంది.

"ఇప్పుడు చెప్పండి బ్రదర్."

"ఫోటోలు చూసిన. గుడిలయి."

"ఓ. అవి మిషన్ ఫోటోలండీ. పర్సనల్‌గా తీసుకోకూడదు."

"ఎట్ల తీసుకోవాలె మరి?" సృజన్ గొంతు వణికింది. వణికించింది అతను కాదు. "మా ఇంట్ల మాటలేందో తెలుసా నీకు? చెత్త బిన్ బయట పెట్టినవా. కౌన్సిల్ ట్యాక్స్ కట్టినవా. జీపీ డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికిందా. గివే. నువ్వేమో గుర్రపు బండ్లె తిరుగుతున్నవ్, మధులిక నీ ప్లేట్ల చెయ్యి పెట్టి తింటున్నది. నీ లెక్క మాట్లాడొస్తలేదు నాకు. నవ్వియ్యొస్తలేదు. నువ్వు ఆఫీసుల నడిచొస్తుంటే నేను కంప్యూటర్ వెనక దాక్కుంట. నువ్వంటే నాకు కుళ్లు చక్రి. చెప్తే ఇజ్జత్ పోతది గని, కుళ్లు."

వంతెన అవతలి మెట్లు దిగుతున్న పచ్చ జాకెట్ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

చక్రి చిన్నగా నవ్వాడు. కారుకి ఆనుకుని, కాలు మీద కాలు వేసుకుని నిలబడ్డాడు. "ఇలాంటివి మనసులో పెట్టుకోకూడదు బ్రదర్."

"ఒక్కటి చెప్పు. ఆ నవ్విన ఫోటో. నువ్వే 'ఇటు తిరుగు, నవ్వు' అని చెప్పి తీసినవ్ గదా? పోజే గదా అది? పోజని చెప్పు, ఫోన్ పెట్టేస్త."

పోజు అని ఒక్క మాట అంటే అయిపోయేది. వ్యాన్ వాళ్లు గడియారం చూసుకుంటున్నారు. కానీ ఆ మాట అనడానికి చక్రికి నోరు రాలేదు. అలాంటి నవ్వుని అడుక్కుని తీయించుకున్నానని ఒప్పుకోవడం అతని వల్ల కాలేదు.

"అబద్ధం ఎందుకు చెప్పాలండీ మీకు. నేను నవ్వమన్లేదు. వెనక గోడ మలుపు తిరిగి నేను ఎదురొస్తుంటే, తనే నన్ను చూసి నవ్వింది. నేను ఊరికే క్లిక్ చేశానంతే."

సృజన్ చెవిలో పార్థసారథి గొంతు ప్రశాంతంగా పలికింది. "ఎదురొచ్చాడు. అతని నోటితోనే. గుడి మూసే వేళైంది."

చక్రి ఫోన్ జేబులో వేసుకున్నాడు. వ్యాన్ తలుపు పక్కకి జరిగింది. ఇద్దరు మనుషులూ నల్ల కారు వైపు నడవడం మొదలుపెట్టారు. చక్రి వెనక తలుపు హ్యాండిల్ మీద చెయ్యి వేసి లాగాడు. తలుపు సన్నగా తెరుచుకుంది. సృజన్ వంతెన మీద నుంచి చూస్తున్నాడు, అరిచినా వినపడదు. పచ్చ జాకెట్ ఇంకా రెండు కార్ల అవతలే ఉంది. పక్కనే ఎవరో బర్గర్ కాగితం పడేస్తే దాన్ని ఏరుతున్నట్టు వంగి, మధులిక చెత్తకర్రని ముందుకి విసిరింది. కర్ర తగిలి తలుపు దభీమని పడింది. అదే ఊపులో ముందుకి దూకి రిమోట్ నొక్కింది. నాలుగు లైట్లు ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి.

చక్రి హ్యాండిల్ లాగాడు. మళ్లీ లాగాడు. లోపల రచన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. వచ్చిన ఇద్దర్లో ఒకడు అద్దం మీద ఇనప రాడ్డుతో కొట్టాడు. రాడ్డు ఎగిరి వాడి గడ్డానికే తగిలింది. చక్రి తిరిగి, టోపీ కింద మొహం చూసి, చెయ్యి కోటు లోపలికి పోనిచ్చాడు. మధులిక ఆ చేతి మణికట్టు పట్టుకుని మెలితిప్పి, అతన్ని కారు బానెట్ మీద బోర్లా పడేసింది. పిస్తోలు కింద పడి చక్రాల మధ్యకి దొర్లింది. వ్యాన్ పారిపోబోయింది గాని, పెద్దవాళ్లని టూర్‌కి తీసుకెళ్తున్న కోచ్ బస్సు ఒకటి దారికి అడ్డంగా రివర్స్ చేసుకుంటోంది. ఆ కోచ్ డ్రైవరు ఎవరికోసమూ తొందరపడే రకం కాదు. అతను పూర్తిగా తిరిగేలోపు పోలీసు సైరన్లు వచ్చేశాయి.

సృజన్ వంతెన దిగి వచ్చేసరికి మధులిక అద్దం మీద మెల్లగా తడుతోంది.

"రచనా, తలుపు ఇప్పుడే తెరవను. వీళ్లను తీస్కపోయినంక తెరుస్త. ఏం గాలే. నన్ను చూడు, ఏం గాలే."

ఆ అమ్మాయి తల ఊపింది. ఆ తర్వాత ఏడ్చింది.

అన్న చెప్పిన సంగతులన్నీ రచన ఆ సాయంత్రం పార్థసారథి ముందు కూర్చుని చెప్పింది. కొంగ గూళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎవరెవరికి వల పడిందో అన్నీ. అవి వింటూ పార్థసారథి ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, ఆఫీసు క్యాంటీన్‌లో సృజన్, మధులిక ఎదురెదురుగా కూర్చున్నారు. టీ చల్లారిపోతోంది.

"ఫోన్ల మాట్లాడిందంత విన్న," అంది మధులిక.

"నటించిన."

"నీకు నటన రాదు."

అతను కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. చక్రిని పట్టుకున్నారు, రచన బతికింది, భార్య మీద మచ్చ పోయింది. అయినా మంట పోలేదు. ఎదురొచ్చినవాణ్ని చూసి నవ్విందన్నది చక్రి చెప్పిన మాటల్లో నిజమైన మాటే మరి. ఆ నవ్వు ఇంకా కళ్ల ముందే ఉంది.

"ఆ నవ్వు గురించి అడగవా?"

"అడగ."

"అడగకుంటె బతుకంత తింటవ్ నన్ను. నేనే చెప్త." ఆమె కప్పు పక్కకి జరిపింది. "పొద్దున్నుంచి వాడు కోటు ఇప్పలే. అంగి సంగతే మర్చిపోయిన. ఆడ ఉక్కపోస్తుంటే ఇప్పినట్టున్నడు. నేను ఒక్కదాన్నే భయం భయంగ నడుస్తున్న. ఆ మూల తిరిగి నీ అంగి వచ్చింది. ఎండల మొహం కనబడలే, అంగి ఒక్కటే కనబడ్డది. ఒక్క క్షణం నువ్వే అనుకున్న. లండన్‌ల ఉండాల్సినోడు ఈడికెట్లొచ్చిండు అనుకున్న. నవ్వొచ్చింది. దగ్గరికొచ్చినంక చూస్తే వాడు."

సృజన్ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"అంటే పొద్దున్నుంచి నేను కుళ్లుకుంది..."

"నీ మీదనే."

ఆమె నవ్వింది. అతను కళ్లు తిప్పుకోకుండా చూశాడు. ఈసారి తీయడానికి పక్కన కెమెరా లేదు, దాని అవసరమూ కనిపించలేదు.

మర్నాడు పైవాళ్లకి పంపాల్సిన రిపోర్టు సృజనే టైప్ చేశాడు. చివర్లో 'అనుమానితుణ్ని గుర్తించడానికి తోడ్పడిన ప్రత్యేక శిక్షణ' అని ఒక ప్రశ్న ఉంది. చాలాసేపు ఆలోచించి 'ఇమేజ్ అనాలిసిస్' అని రాశాడు. పార్థసారథి కళ్లజోడు పైకి తోసుకుని చదివి, ఆ రెండు మాటలూ కొట్టేసి, 'పెళ్లి' అని దిద్ది సంతకం పెట్టాడు.